ఏం మారింది? వార్డులో కొత్తగా చేరిన నర్సులకు సమగ్ర మార్గదర్శి

బీపీ చూడటం, క్యాన్యులా పెట్టడం, కాథెటర్ వేయడం, డ్రెస్సింగ్ మార్చడం కాలేజీలోనే వచ్చేస్తాయి. వార్డులో చేరాక రాత్రి రెండు గంటలకు ఎదురయ్యే ప్రశ్నకు మాత్రం అక్కడ ఎవరూ జవాబు రాయించరు. ఈ పేషెంటు గురించి డ్యూటీ డాక్టరును ఇప్పుడే లేపాలా, ఇంకో గంట చూడాలా? అనుభవం ఉన్న సిస్టర్లకు ఈ నిర్ణయం పుట్టుకతో వచ్చిన వరమని కొత్తవాళ్ళు అనుకుంటారు. నేను అలా అనుకోను. మంచి నర్సు ఒక పనిని వదలకుండా చేస్తుంది: ఈ మనిషి నాలుగు గంటల క్రితం ఎలా ఉన్నాడు, ఇప్పుడు ఎలా ఉన్నాడు అని పోల్చుకుంటుంది. తేడా కనపడితే దాని కారణం తెలిసేదాకా, లేదా తెలిసినవాళ్ళు మంచం దగ్గరికి వచ్చేదాకా ఊరుకోదు. ఇది ఎవరైనా నేర్చుకోగల అలవాటు.

డ్యూటీలోకి వచ్చిన దగ్గర్నుంచి హ్యాండోవర్ ఇచ్చేదాకా, అంటే తర్వాతి షిఫ్టుకు పేషెంట్లను అప్పగించేదాకా, ఆ అలవాటు ఎలా చేసుకోవాలో వరసగా చెబుతాను. మన జిల్లా ఆసుపత్రుల్లోని జనరల్ వార్డులను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. మోతాదుల విషయంలో మీ ఆసుపత్రి ప్రొటోకాల్, డాక్టరు ఆర్డరే ఆఖరి మాట.

1. హ్యాండోవర్ మంచం దగ్గర తీసుకోండి

నర్సింగ్ స్టేషన్‌లో కూర్చుని రిజిస్టర్ చదివేస్తే పేషెంటు మన కంటికి కనపడడు. వెళ్ళిపోయే సిస్టర్‌తో కలిసి ప్రతి మంచం దగ్గరికీ వెళ్ళండి. "14లో అపెండిక్స్, స్టేబుల్" అన్న మాటతో సరిపెట్టుకోకండి. మూడు సంగతులు అడగండి. మీ షిఫ్టులో ఈయనలో ఏం మారింది? ఏ పని మిగిలి ఉంది? మొత్తం వార్డులో మీకు ఎవరి విషయంలో అనుమానంగా ఉంది? ఈ మూడో ప్రశ్న చాలామంది అడగరు. "ఏమో, 9లో తాతను చూస్తే ఎందుకో భయంగా ఉంది, బీపీ మాత్రం బాగానే ఉంది" అని ఎనిమిది గంటలు చూసిన మనిషి అంటే, ఆ మాటకు విలువ ఇవ్వండి.

అక్కడే కళ్ళతో చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. సెలైన్ ఎంత మిగిలింది, చుక్కలు సరిగ్గా పడుతున్నాయా, క్యాన్యులా దగ్గర వాపు గానీ ఎరుపు గానీ ఉందా, యూరిన్ బ్యాగులో ఎంత ఉంది, ఏ రంగులో ఉంది, ఆక్సిజన్ సిలిండర్ గేజ్ ఎక్కడుంది. ఆపరేషన్ అయిన పేషెంటు అయితే డ్రెస్సింగ్ పైన చూసి ఊరుకోకుండా నడుము కింద చెయ్యి పెట్టి చూడండి. రక్తం పల్లానికి పోతుంది, పైన డ్రెస్సింగ్ పొడిగానే కనపడుతుంది. డ్రెస్సింగ్ మీద మరక ఉంటే దాని అంచు చుట్టూ పెన్నుతో గీత గీసి టైము వేయండి. గంట తర్వాత మరక గీత దాటిందో లేదో ఎవరైనా చెప్పగలరు.

2. ముందు ఎవరి దగ్గరికి వెళ్ళాలి

బెడ్ నంబరు వరసలో వెళ్ళకండి. ఆయాసపడుతున్నవాళ్ళు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ళు, 24 గంటల లోపు ఆపరేషన్ అయినవాళ్ళు, రక్తం ఎక్కుతున్నవాళ్ళు, ఇంకా అసలు జబ్బేమిటో తేలని కొత్త అడ్మిషన్లు ముందు. బంధువులు పదిమంది చుట్టూ చేరి అరుస్తున్న బెడ్ దగ్గరికి కాళ్ళు వాటంతట అవే వెళతాయి, అది సహజమే. కానీ అరుస్తున్న మనిషికి కనీసం ఊపిరి ఆడుతోంది. నిన్న నొప్పి అని గోల పెట్టిన పెద్దాయన ఇవాళ ఏం అడిగినా పలక్కుండా గోడవైపు తిరిగి పడుకుంటే, ఆయన్ని ముందు చూడండి.

చెయ్యి వేసే ముందు ఒక మాట మాట్లాడించండి. "ఏమండీ, రాత్రి నిద్ర పట్టిందా?" చాలు. పూర్తి వాక్యంలో జవాబు చెబితే గొంతు, ఊపిరి, మెదడు మూడూ ప్రస్తుతానికి పనిచేస్తున్నట్టే. రెండు మాటలకోసారి ఆగి ఊపిరి పీల్చుకుంటున్నా, మంచం అంచు పట్టుకుని ముందుకు వంగి కూర్చున్నా, మిగతా పనులు పక్కన పెట్టండి. మన ఒంటి రంగుల మీద నీలంగా మారడం తొందరగా కనపడదు, అందుకని నాలుక, పెదవి లోపలి భాగం చూడండి. చేతులు, పాదాలు ముట్టుకోండి. చల్లగా, చెమటగా ఉంటే గోరును ఐదు సెకన్లు నొక్కి వదలండి. రంగు తిరిగి రావడానికి మూడు సెకన్లకన్నా ఎక్కువ పడితే రక్తప్రసరణ తగ్గుతోందని అనుమానించాలి.

3. శ్వాసను నిజంగా లెక్కపెట్టండి

టీపీఆర్ (టెంపరేచర్, పల్స్, శ్వాస) చార్టుల్లో అందరికీ శ్వాస 20 అనే ఉంటుంది. వార్డులో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. ఎందుకంటే మనిషి ప్రమాదంలో పడుతుంటే ముందుగా మారేది చాలాసార్లు శ్వాసే. ఆక్సిజన్ తగ్గినా, ఇన్ఫెక్షన్ వల్ల గానీ షుగర్ వల్ల గానీ రక్తంలో ఆమ్లం పెరిగినా, ఊపిరి వేగం పెంచి శరీరం సర్దుకుంటుంది. బీపీ పడిపోవడం చివర్లో జరిగే సంగతి. ఆరోగ్యంగా ఉన్న యువకుడిలో సుమారు 30 శాతం రక్తం పోయేదాకా పై బీపీ దాదాపు మామూలుగానే ఉండవచ్చు. అందుకే "బీపీ బాగానే ఉంది" అన్న మాట ఒక్కదాన్నే పట్టుకుని ధైర్యంగా ఉండకూడదు.

పల్స్ చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, పేషెంటుకు చెప్పకుండా ఛాతీ కదలికను నిమిషం పాటు లెక్కపెట్టండి. లెక్కపెడుతున్నారని తెలిస్తే ఊపిరి తీరు మారిపోతుంది. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే ఒక్క శ్వాస తప్పినా లెక్క నాలుగు తేడా వస్తుంది.

మిగతా అంకెల్లో కూడా మోసం ఉంది. లావు చేతికి చిన్న కఫ్ కడితే బీపీ ఎక్కువ చూపిస్తుంది. రోజూ 160 ఉండే మనిషికి 110 వస్తే, చార్టులో అది నార్మలే, ఆయనకు మాత్రం అది పడిపోయిన బీపీ. అటెనోలాల్, మెటోప్రోలాల్ లాంటి బీపీ మాత్రలు వేసుకునేవారిలో రక్తం పోతున్నా పల్స్ పెరగకపోవచ్చు. వృద్ధులకు, స్టెరాయిడ్లు వాడేవారికి తీవ్రమైన ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. ముదురు గోళ్ళ రంగు ఉన్నా, చేతులు చల్లబడినా పల్స్ ఆక్సిమీటర్ తప్పు చెప్పవచ్చు. ఒంటి రంగు ముదురుగా ఉన్నవారిలో ఉన్నదానికన్నా కొంచెం ఎక్కువ చూపించే అవకాశం కూడా ఉంది. 94 కనపడి, మనిషి మాత్రం ఆయాసపడుతుంటే మనిషినే నమ్మండి.

మూత్రాన్ని కూడా ఇందులోనే చేర్చండి. కిలో బరువుకు గంటకు అర ఎంఎల్ రావాలి. 60 కిలోల మనిషికి గంటకు 30, ఆరు గంటలకు 180. బ్యాగు నిండాక పారబోసి కొలిచే పద్ధతిలో ఈ లోటు తెల్లారేదాకా తెలియదు. అనుమానం ఉన్న పేషెంటుకు గంటగంటకూ రాయండి.

4. అంకెలన్నీ కలిపి చూడండి

బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి, 2017లో సవరించిన న్యూస్-2 స్కోరు దీనికి బాగా పనికొస్తుంది. శ్వాస, ఆక్సిజన్ శాతం, ఆక్సిజన్ పెట్టారా లేదా, పై బీపీ, పల్స్, స్పృహ, టెంపరేచర్ ఒక్కొక్కదానికీ మార్కులు వేసి కూడతారు. మీ ఆసుపత్రిలో వాడకపోయినా, ఆ పట్టిక ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి.

ఎలా పనిచేస్తుందో ఒక ఉదాహరణతో చెబుతాను. అపెండిక్స్ పగిలి ఆపరేషన్ అయిన 52 ఏళ్ళ పేషెంటు, మూడో రోజు. రాత్రి 10 గంటలకు శ్వాస 18, పల్స్ 84, బీపీ 128, ఆక్సిజన్ 97, టెంపరేచర్ 98.6. స్కోరు సున్నా. రెండు గంటలకు శ్వాస 22, పల్స్ 98, బీపీ 118, ఆక్సిజన్ 96, టెంపరేచర్ 99.3. ఇందులో ఏ అంకె చూసినా గాభరా పుట్టదు, కానీ శ్వాసకు 2, పల్స్‌కు 1, మొత్తం 3. నాలుగు గంటలకు శ్వాస 26, పల్స్ 116, బీపీ 104, ఆక్సిజన్ 94, టెంపరేచర్ 100.8. శ్వాసకు 3, పల్స్‌కు 2, మిగతా మూడింటికి ఒక్కొక్కటి, మొత్తం 8.

మొత్తం 5 లేదా అంతకన్నా ఎక్కువైతే డాక్టరు త్వరగా వచ్చి చూడాలి, 7 లేదా అంతకన్నా ఎక్కువైతే అది ఎమర్జెన్సీ. ఏ ఒక్కదానికి 3 వచ్చినా డాక్టరుకు చెప్పాలి. అయితే ఈ ఉదాహరణలో నర్సు తెలివి బయటపడేది నాలుగు గంటలకు కాదు, రెండు గంటలకు. స్కోరు 3 అయినప్పుడు "మళ్ళీ ఆరింటికి చూద్దాం" అనుకోకుండా, పొట్ట ముట్టుకుని చూసి, మూత్రం కొలిచి, అరగంటకోసారి వైటల్స్ (శ్వాస, పల్స్, బీపీ లాంటివి) చూడాలని తనకు తాను పెట్టుకునే నర్సుకు మూడు గంటలకే విషయం తెలుస్తుంది. సెప్సిస్‌లో, అంటే ఇన్ఫెక్షన్ ఒళ్ళంతటినీ దెబ్బతీసే స్థితిలో, ఆ గంట చాలా పెద్దది.

పాత దమ్ము, సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకయ్యే దీర్ఘకాల జబ్బు) ఉన్నవారిలో కొందరికి ఆక్సిజన్ లక్ష్యం 88 నుంచి 92 శాతమే. వారిని 98కి తెచ్చామని సంతోషిస్తే, కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మగతలోకి జారుకోవచ్చు. ఇంకో సంగతి, మామూలు ఆక్సిజన్ మాస్కుకు 5 లీటర్లకన్నా తక్కువ పెట్టకూడదు. వదిలిన గాలినే మళ్ళీ పీల్చాల్సి వస్తుంది. తక్కువ కావాలంటే ముక్కు గొట్టాలు పెట్టండి.

5. పేషెంటు మాట, ఇంటివాళ్ళ మాట

"గ్యాస్ పట్టేసింది సిస్టర్, ఒక మాత్ర ఇవ్వండి" అని చెమటలు కారుతున్న యాభై ఏళ్ళ మనిషి అంటే, మాత్ర కాదు, ఈసీజీ మిషను తెచ్చుకోండి. ఛాతీలో ఇబ్బంది అన్నవాళ్ళకు పది నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది ప్రపంచమంతా పాటించే నియమం. షుగర్ ఉన్నవాళ్ళలో, ఆడవాళ్ళలో, వృద్ధుల్లో ఛాతీ నొప్పి లేకుండా ఉత్త ఆయాసం, నీరసం, వాంతితో కూడా గుండెపోటు రావచ్చు.

నొప్పి ఎంత అని అడిగేటప్పుడు సున్నా నుంచి పదిలో చెప్పమంటే ఊళ్ళనుంచి వచ్చిన పెద్దవాళ్ళు తికమకపడతారు. "నిన్నటి నొప్పి రూపాయి అనుకుంటే ఇవాళ ఎంత ఉంది?" అని అడగండి. "పావలా తగ్గింది" అని టక్కున చెబుతారు. అది చార్టులో రాసుకుని రేపు మళ్ళీ అదే లెక్కలో అడగండి. ఇంజెక్షన్ ఇచ్చాక కూడా ముప్పావలా నొప్పి అలాగే ఉంటే, లేదా మోతాదు మోతాదుకూ పెరుగుతుంటే, ఆ నొప్పికి వేరే కారణం వెతకాలి.

ఇంటివాళ్ళు అటెండెంట్లు మాత్రమే కాదు, ఆ మనిషిని అందరికన్నా బాగా ఎరిగినవాళ్ళు. "మా నాన్న ఎప్పుడూ ఇలా తిక్కగా మాట్లాడరమ్మా" అని కూతురు అంటే, అది కొత్తగా వచ్చిన మతిభ్రమ. న్యూస్-2లో దానికి 3 మార్కులు. పేషెంటు మంచం దిగిపోతున్నాడు, గొట్టాలు లాగేస్తున్నాడు అంటే వెంటనే మత్తు ఇంజెక్షనో, చేతులు కట్టడమో గుర్తొస్తుంది. ముందు నాలుగు చూడండి: ఆక్సిజన్, షుగర్, నిండిపోయిన మూత్రాశయం, నొప్పి. ఊపిరి అందక గింజుకుంటున్న మనిషికి మత్తు ఇస్తే ప్రాణం పోతుంది.

నాలుగూ బాగుంటే అలవాట్ల గురించి అడగండి. రోజూ తాగే మనిషి ఆపేసిన రెండు మూడు రోజులకు చేతులు వణికి, లేనివి కనపడి, ఫిట్స్ కూడా రావచ్చు. తెలంగాణలో ఇంకో ప్రశ్న తప్పనిసరి: "కల్లు తాగుతారా, ఆఖరుసారి ఎప్పుడు తాగారు?" అల్ప్రజోలం లాంటి మత్తుమందు కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడినవాళ్ళు వార్డులో చేరి కల్లు ఆగిపోగానే ఇలాగే అవుతారు. అడ్మిషన్ రోజునే, మందలించే గొంతుతో కాకుండా, అడిగి రాసిపెడితే మూడో రోజు రాత్రి ఎవరూ కంగారుపడక్కర్లేదు.

6. తగ్గిందనిపించేటప్పుడే ప్రమాదం: డెంగీ, పురుగుల మందు

వానాకాలంలో మన వార్డులు డెంగీతో నిండిపోతాయి. నాలుగో రోజో ఐదో రోజో జ్వరం తగ్గుతుంది. ఇంటివాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు, డిశ్చార్జి ఎప్పుడని అడుగుతారు. నర్సు జాగ్రత్త పెంచాల్సింది సరిగ్గా అప్పుడే. జబ్బు మొదలైన మూడు నుంచి ఏడు రోజుల మధ్య, జ్వరం దిగుతున్నప్పుడు రక్తనాళాల్లోంచి ప్లాస్మా కారిపోయే దశ వస్తుంది. అది 24 నుంచి 48 గంటలు ఉంటుంది.

ఆ రెండు రోజులు అందరి చూపూ ప్లేట్‌లెట్ల మీదే ఉంటుంది. మీ చూపు పై బీపీకీ కింది బీపీకీ మధ్య ఉన్న తేడా మీద పెట్టండి. 110/70 ఉన్నది 100/80 అయితే, పై అంకె మాత్రమే చూసేవారికి పెద్ద మార్పు కనపడదు. తేడా 40 నుంచి 20కి పడింది, అంటే షాక్ మొదలైంది. పొట్టలో విడవని నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచో ముక్కు నుంచో రక్తం, చేతులు చల్లబడటం, మగతగా లేదా చిరాగ్గా ఉండటం, మూత్రం తగ్గడం, రక్తం చిక్కబడి హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) పెరగడం. వీటిలో ఏది కనపడినా రాత్రయినా సరే డాక్టరుకు చెప్పాలి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ ఆర్డరులో ఉంటే ఇచ్చే ముందు ఆగి అడగండి. కండలోకి ఇంజెక్షన్లు వద్దు.

రెండోది పురుగుల మందు తాగిన కేసులు. పత్తి, మిరప పండే జిల్లాల్లో పనిచేసే ఏ సిస్టర్‌ను అడిగినా చెబుతారు. ఆర్గానోఫాస్ఫేట్ అనే రకం పురుగుల మందు విషానికి విరుగుడుగా అట్రోపిన్ ఎక్కుతున్నప్పుడు కంటిపాపలు ఒక్కటే చూస్తే చాలదు. చంకలు పొడిగా ఉన్నాయా, ఊపిరితిత్తుల్లో గరగర తగ్గిందా, పల్స్ 80 పైన, పై బీపీ 80 పైన ఉన్నాయా అని చూడాలి. అట్రోపిన్ ఎక్కువైతే ఒళ్ళు కాలిపోతుంది, పల్స్ బాగా పెరుగుతుంది, దుప్పటి పీకుతూ గాల్లో ఏదో ఏరుతున్నట్టు చేస్తారు.

ఇంతకన్నా ముఖ్యమైనది, మొదటి రోజు గట్టెక్కాక వచ్చేది. తాగిన 24 నుంచి 96 గంటల మధ్య, చెమటలూ చొంగా ఆగిపోయి, మనిషి మాట్లాడుతూ ఉండగానే, మెడ కండరాలు, ఆ తర్వాత ఊపిరి కండరాలు బలహీనపడవచ్చు. ప్రతి షిఫ్టులో, వీలైతే రెండు గంటలకోసారి, "దిండు మీద నుంచి తల ఎత్తండి" అని అడగండి. పొద్దున ఎత్తిన మనిషి సాయంత్రం ఎత్తలేకపోతే, ఆక్సిజన్ 98 ఉన్నా సరే, వెంటిలేటర్ అవసరం పడవచ్చని డాక్టరుకు వెంటనే చెప్పండి. ఆ పరీక్షకు ఏ పరికరమూ అక్కర్లేదు, అడిగేవాళ్ళు ఉంటే చాలు.

ఆ మంచం దగ్గర "ఎందుకు చేశావు ఇలాంటి పని" అని ఎవరూ తిట్టకుండా చూడండి, మన సిబ్బందితో సహా. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలంటుంది. ఒంటరిగా వదలకండి. డిశ్చార్జి రోజున ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 పేషెంటుకూ ఇంట్లోవాళ్ళకూ రాసివ్వండి.

7. మందు చేతిలో ఉన్నప్పుడు

మన వార్డుల్లో ఒకే రోజు ఇద్దరు వెంకటేశ్వర్లు, ముగ్గురు లక్ష్ములు ఉండటం మామూలే. "మీరు వెంకటేశ్వర్లేనా?" అని అడిగితే చెవుడున్న పెద్దాయన దేనికైనా "ఆ" అంటాడు. "మీ పేరు, ఇంటిపేరు చెప్పండి" అని అడిగి, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరుతో సరిచూసుకోండి. బెడ్ నంబరును నమ్మకండి. రాత్రికి రాత్రి మంచాలు మారతాయి.

ఇన్సులిన్ విషయంలో మన దేశంలో ప్రత్యేకమైన ప్రమాదం ఉంది. వయల్స్ ఎక్కువగా ఎంఎల్‌కు 40 యూనిట్లవి, పెన్ను కార్ట్రిడ్జులు 100 యూనిట్లవి. 40 సిరంజికి ఎర్ర మూత, 100 సిరంజికి నారింజ రంగు మూత ఉంటుంది. 100 ఇన్సులిన్‌ను 40 సిరంజిలో 20 గీత దాకా తీస్తే, లోపలికి వెళ్ళేది 50 యూనిట్లు. తిరగేసి, 40 ఇన్సులిన్‌ను 100 సిరంజిలో తీస్తే 20కి బదులు 8 మాత్రమే వెళుతుంది. అందుకని సీసా మీద అంకె, సిరంజి మీద అంకె రెండూ పైకి చదివాకే తీయండి. కార్ట్రిడ్జ్‌లోంచి సిరంజితో లాగే పద్ధతి అసలు వద్దు.

ఇంకొకటి, ఇన్సులిన్ టైముకు ఇవ్వాలని ఆరున్నరకే ఇచ్చేసి, టిఫిన్ తొమ్మిదింటికి వస్తే ఏమవుతుందో తెలిసిందే. రెగ్యులర్ ఇన్సులిన్ తిండికి అరగంట ముందు. టిఫిన్ బండి వార్డులోకి వచ్చే టైము తెలుసుకుని, తింటాడని రూఢి చేసుకుని ఇవ్వండి. వాంతులు అవుతున్నా, స్కానింగ్ కోసం పస్తు ఉంచినా, ఇచ్చే ముందు డాక్టరును అడగాలి.

పొటాషియం క్లోరైడ్ 10 ఎంఎల్ ఆంప్యూల్‌లో 20 మిల్లీ ఈక్వివలెంట్లు ఉంటాయి. చూడటానికి నీళ్ళలాగే ఉంటుంది. నేరుగా సిరంజితో నరంలోకి ఇస్తే గుండె ఆగిపోతుంది. ఎప్పుడైనా సెలైన్‌లో కలిపే ఇవ్వాలి. స్టాండుకు వేలాడుతున్న బాటిల్‌లో అలాగే ఇంజెక్ట్ చేస్తే మందు కింద చేరి మొదటి చుక్కల్లోనే చిక్కగా వెళుతుంది. అందుకని దించి, కలిపి, పదిసార్లు తలకిందులు చేయండి. మానిటర్ లేని వార్డులో, చేతి నరం ద్వారా, మామూలుగా గంటకు 10 మిల్లీ ఈక్వివలెంట్లకు మించకూడదు. మొదలుపెట్టే ముందు మూత్రం వస్తోందా అని చూడండి. ఈ ఆంప్యూల్స్‌ను డిస్టిల్డ్ వాటర్ ఉన్న ట్రేలో ఎప్పుడూ పెట్టకండి.

రక్తం ఎక్కించేటప్పుడు మొదటి 15 నిమిషాలు మంచం దగ్గరే ఉండండి. చలి, నడుము నొప్పి, ఆయాసం, దద్దుర్లు ఏది వచ్చినా ముందు ఆపేయండి, తర్వాత ఫోన్ చేయండి. సెట్టు మార్చి సెలైన్ పెట్టండి, బ్యాగు పారేయకండి, బ్లడ్ బ్యాంకుకు పంపాలి. బ్లడ్ బ్యాంకు నుంచి వచ్చిన అరగంటలో మొదలుపెట్టి, నాలుగు గంటల్లో ముగించాలి.

ఆర్డరు అనుమానంగా ఉంటే అడగడం మీ హక్కు మాత్రమే కాదు, మీ పని కూడా. పల్స్ 52 ఉండగా పల్స్‌ను తగ్గించే డిగాక్సిన్, పై బీపీ 94 ఉండగా బీపీ మాత్ర, ఇలాంటివి "రాసి ఉంది కదా" అని ఇచ్చేయకండి.

8. ఫోన్ కన్నా ముందు చేయాల్సినవి

కొన్ని పనులకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఊపిరాడక ఇబ్బందిపడుతుంటే కూర్చోబెట్టడం, స్పృహ తగ్గితే పక్కకు తిప్పి నోరు శుభ్రం చేయడం, రక్తం కారే చోట నొక్కి పట్టుకోవడం, గ్లూకోమీటర్‌తో షుగర్ చూడటం. మాట తడబడుతున్నా, మత్తుగా ఉన్నా, చెమటలు పట్టినా, కారణం ఏదనుకున్నా సరే ముందు షుగర్ చూడండి.

70 కన్నా తక్కువ ఉండి, మింగగలిగితే మూడు టీ చెంచాల పంచదార సగం గ్లాసు నీళ్ళలో కలిపి తాగించండి. 15 నిమిషాలకు మళ్ళీ చూడండి. పెరగకపోతే మళ్ళీ ఇవ్వండి. పెరిగాక ఏదైనా తినిపించండి. స్పృహ లేకపోతే నోట్లో చుక్క కూడా పోయకూడదు. అప్పుడు నరం ద్వారా డెక్స్‌ట్రోజ్ ఇవ్వాలి, దానికి మీ వార్డులో ముందే రాసిపెట్టిన ఆర్డరు ఉండేలా ఇన్‌చార్జ్ సిస్టర్‌తో మాట్లాడి పెట్టుకోండి. గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళలో లేచి కూర్చున్న మనిషికి మళ్ళీ కొన్ని గంటలకు షుగర్ పడిపోవచ్చు. ఆ రాత్రంతా చూస్తూ ఉండాలి.

9. డాక్టరుకు ఎలా చెప్పాలి

"సార్, 14 బాగోలేదు" అంటే నిద్రలో ఉన్న మనిషికి ఏమీ అర్థం కాదు. ఏం జరుగుతోంది, వెనక ఏముంది, నేను చూసింది ఏమిటి, నాకు ఏం కావాలి అనే వరసలో చెప్పాలి. దీన్నే ఎస్‌బార్ అంటారు. అమెరికా అణు జలాంతర్గాముల్లో పుట్టి, అక్కడి కైజర్ పర్మనెంటే సంస్థ ద్వారా ఆసుపత్రుల్లోకి వచ్చింది. ఫోన్ తీసే ముందు కేస్ షీట్, చార్టు చేతిలో పెట్టుకోండి.

"నమస్తే సార్, మేల్ సర్జికల్ నుంచి స్టాఫ్ నర్సును. 14వ బెడ్ పేషెంటు పరిస్థితి దిగజారుతోంది, మీరు వచ్చి చూడాలి. 52 ఏళ్ళు, అపెండిక్స్ పగిలి ఆపరేషన్ అయి మూడో రోజు, షుగర్ ఉంది, మందుల అలర్జీ లేదు. రాత్రి పదింటికి శ్వాస 18, ఇప్పుడు 26. పల్స్ 84 నుంచి 116కి పెరిగింది, బీపీ 128 నుంచి 104కి తగ్గింది. జ్వరం 100.8. పొట్ట గట్టిగా ఉంది. ఆరు గంటల్లో మూత్రం 120 ఎంఎలే. గ్లూకోమీటర్‌లో షుగర్ (జీఆర్‌బీఎస్) 210. సెప్సిస్ అనుకుంటున్నాను సార్. రెండో క్యాన్యులా పెట్టాను. పది నిమిషాల్లో రాగలరా? ఈలోపు ఆక్సిజన్, సెలైన్ మొదలుపెట్టమంటారా, బ్లడ్ కల్చర్ తీయమంటారా?"

ఇది నిమిషంలో అయిపోతుంది. "సెప్సిస్ అనుకుంటున్నాను" అనడానికి చాలామంది జంకుతారు. డయాగ్నసిస్ చెప్పడం మన పని కాదని నేర్పారు కాబట్టి. మీరు డయాగ్నసిస్ రాయడం లేదు, మీ భయం ఏమిటో చెబుతున్నారు. అది వినే హక్కు డాక్టరుకు ఉంది.

ఫోన్‌లో ఇచ్చిన ఆర్డరు రాసుకుని తిరిగి చదివి వినిపించండి. ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోన్‌లో ఒకేలా వినపడతాయి, "ఒకటి ఐదా, ఐదు సున్నానా సార్?" అని అడగండి. వచ్చాక సంతకం తీసుకోండి.

"పారాసిటమాల్ ఇవ్వండి, పొద్దున చూద్దాం" అంటే? "సార్, జ్వరం గురించి కాదు, శ్వాస, బీపీ గురించి భయంగా ఉంది. మీరు రాలేకపోతే ఎవరిని పిలవమంటారు?" అని మర్యాదగానే అడగండి. అయినా కదలకపోతే పీజీ డాక్టరు, ఆ పైన ఆన్‌కాల్ సర్జన్, డ్యూటీ ఆర్‌ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్), నైట్ సూపర్‌వైజర్ వరసగా పిలవండి. తిట్లు పడతాయేమోనన్న టెన్షన్ ఉంటుంది, నిజమే. అందుకే పెద్ద సిస్టర్లకు ఒక విన్నపం: జూనియర్ అమ్మాయి అనవసరంగా డాక్టరును పిలిచిందని స్టేషన్‌లో అందరి ముందు నవ్వకండి. మరుసటి రాత్రి ఆమె పిలవడం మానేస్తుంది.

10. రోజువారీ పనులు

లేవలేని పేషెంటును రెండు గంటలకోసారి తిప్పండి, తిప్పేటప్పుడు తుంటి ఎముక, మడమలు చూడండి. ఎరుపును వేలితో నొక్కితే తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. ముదురు చర్మంపై ఎరుపు తెలియదు కాబట్టి వేడి, గట్టిదనం చూడండి. చేతులు సబ్బుతో అయితే 40 నుంచి 60 సెకన్లు, హ్యాండ్ రబ్‌తో 20 నుంచి 30 సెకన్లు. స్నానం చేయించడం, పక్క మార్చడం ఆయమ్మ పని అని పూర్తిగా వదిలేయకండి. వీపు చూసే అవకాశం అప్పుడే దొరుకుతుంది.

11. రాయడం, అప్పగించడం

"పేషెంట్ ఫెయిర్, స్లెప్ట్ వెల్" అని రాసిన నోట్స్ ఎవరికీ పనికిరావు. టైము వేసి, చూసింది, చేసింది, ఎవరికి చెప్పారు, వాళ్ళు ఏమన్నారు, దాని తర్వాత పేషెంటు ఎలా ఉన్నాడు అని రాయండి. "4.05కి డ్యూటీ సర్జన్‌కు ఫోన్‌లో చెప్పాను, 4.20కి వచ్చి చూశారు, 500 ఎంఎల్ సెలైన్ మొదలు, 4.50కి బీపీ 112, శ్వాస 24." చేయని పనిని చేసినట్టు రాయకండి, వైటల్స్‌ను అంచనాతో నింపకండి. తర్వాత వచ్చే సిస్టర్ పోల్చుకునేది ఆ అంకెలతోనే.

హ్యాండోవర్ ఇచ్చేటప్పుడు పక్క పేషెంటుకు వినపడకూడని సంగతులు, హెచ్ఐవీ రిపోర్టు లాంటివి, స్టేషన్‌లోనే చెప్పండి. మిగతావన్నీ మంచం దగ్గర. మిగిలిపోయిన పనిని "కొంచెం చూసుకోండి" అని వదిలేయకుండా, "బ్లడ్ కల్చర్ 4.30కి పంపాం, క్రియాటినిన్ రిపోర్టు ఇంకా రాలేదు, ఏడున్నరకు ల్యాబ్‌కు ఫోన్ చేయాలి, ఎనిమిదింటికి సర్జన్ మళ్ళీ చూస్తానన్నారు" అని చెప్పండి. తర్వాతి సిస్టర్‌తో ఆయన శ్వాస ఒకసారి ఇద్దరూ కలిసి లెక్కపెట్టి, ఆ అంకె రాసి, సంతకాలు చేసి బయల్దేరండి.